ఇత్తడి గొట్టంలో అమ్మమ్మ పాట

మొన్నటి కార్యవర్గ సమావేశంలో ఉగాది కార్యక్రమాల జాబితా చదువుతూ ఒక పేరు దగ్గర ఆగాము. మన సభ్యుల ఇంటి కుర్రవాడే, పదో తరగతి చదువుతున్నాడు. ‘సాక్సోఫోన్ వాదన, 15 నిమిషాలు’ అని రాసి ఇచ్చాడు. పంచాంగ శ్రవణం, కూచిపూడి, అన్నమయ్య కీర్తనలు, పిల్లల పద్యాల పోటీ, వీటి మధ్య ఆ మాట పులిహోరలో కేకు ముక్కలా కనిపించింది.

“పండగపూట సాక్సోఫోన్ ఏమిటండీ? అది మన వాద్యం కాదు కదా! సన్నాయి పెట్టించుకుంటే సరిపోదూ?” అన్నారొకరు. అందరూ నవ్వారు. ఆ అంశం తరువాతి సమావేశానికి వాయిదా పడింది. ఆ మాట అన్న పెద్దమనిషిని నేనే.

సమావేశం ముగిసి మెట్లు దిగుతుంటే ఆ కుర్రవాడు కుర్చీలు సర్దుతూ కనిపించాడు. లోపలి మాటలు వాడి చెవిన పడ్డాయని ముఖం చూస్తేనే తెలిసింది. కోపంగా ఏమీ అనలేదు. “అంకుల్, మరి వయొలిన్ మనదేనా?” అని మాత్రం అడిగాడు.

ముప్పై ఏళ్ళకు పైగా బ్యాంకులో పనిచేశాను. కాగితం చూడకుండా సంతకం పెట్టకూడదని కింది ఉద్యోగులకు ఎన్నిసార్లు చెప్పి ఉంటానో! సాక్సోఫోన్ విషయంలో నేను చేసింది అదే తప్పు. అందుకని ఈ మూడు నెలలూ కూర్చుని, విని, చదివి, తెలిసినవారిని అడిగి తెలుసుకున్నది మన పాఠకుల ముందు పెడుతున్నాను. నేను సంగీత విద్వాంసుణ్ణి కాను, బి.కాం. చదివినవాణ్ణి. పొరపాట్లుంటే పెద్దలు సరిదిద్దగలరు.

పుట్టిల్లు బెల్జియం, మెట్టినిల్లు అమెరికా

సాక్సోఫోన్‌కు ఆ పేరు దాన్ని తయారుచేసిన అడాల్ఫ్ సాక్స్ నుంచి వచ్చింది. ఆయన 1814లో బెల్జియంలో పుట్టాడు. 1846లో పారిస్‌లో ఈ వాద్యానికి పేటెంటు తీసుకున్నాడు. ఒళ్ళంతా ఇత్తడే అయినా వాద్యాల కులగోత్రాలు చెప్పేవాళ్ళు దీన్ని పిల్లనగ్రోవి, క్లారినెట్ల సరసన కూర్చోబెడతారు. కారణం నోటి దగ్గర ఉండే రెల్లు బద్ద. మన సన్నాయి పీకలోనూ రెల్లే ఉంటుంది, కాకపోతే అక్కడ జంటగా ఉంటుంది, ఇక్కడ ఒంటిగా ఉంటుంది. అంటే ఈ రెండూ దూరపు చుట్టాలే.

మొదట ఇది మిలిటరీ బ్యాండ్లలో చేరింది. ఆ బ్యాండ్లతోనే సముద్రాలు దాటింది. మన ఊళ్ళోనూ బ్రిటిషువారి కాలంలో కబ్బన్ పార్కు బ్యాండు స్టాండు మీద మిలిటరీ బ్యాండ్లు వాయించేవి. అయితే ఈ వాద్యానికి గొంతు వచ్చింది మాత్రం అమెరికాలో, నల్లజాతివారి జాజ్ సంగీతంలో.

జాజ్ అంటే మనలో చాలామందికి హోటల్లో భోజనాల వేళ వినిపించే సంగీతమనే అభిప్రాయం ఉంది. నాకూ అంతే. 1940లలో చార్లీ పార్కర్ మొదలైనవారు ‘బీబాప్’ అనే పద్ధతి తెచ్చారు. అది మహా వేగంగా, చిక్కుముళ్ళతో నడుస్తుంది. 1950ల మధ్యకు వచ్చేసరికి ఆర్ట్ బ్లేకీ, హోరేస్ సిల్వర్, మాక్స్ రోచ్ వంటివారు అదే విద్యలోకి తమ చర్చి పాటలనూ, కష్టజీవుల ‘బ్లూస్’ పాటలనూ తిరిగి తెచ్చుకున్నారు. దానికే ‘హార్డ్ బాప్’ అని పేరు పడింది. పాండిత్యం పెరిగి పెరిగి ఇంటి పాటకు దూరమైనప్పుడు మళ్ళీ పెరటి గుమ్మం తలుపు తీయడం అన్నమాట.

ఐదు అంశాల ఒక రికార్డు

ఆ కాలపు రికార్డుల్లో వినదగినది ఒకటి చెప్పమంటే తెలిసినవాళ్ళు సోనీ రోలిన్స్ ‘సాక్సోఫోన్ కొలోసస్’ పేరు చెప్పారు. సాక్సోఫోన్ మహాకాయుడు అని దాని అర్థం. 1956 జూన్ 22న న్యూజెర్సీ రాష్ట్రంలోని హాకెన్‌సాక్‌లో, ప్రెస్టీజ్ కంపెనీ కోసం రికార్డు చేశారు. ఆ స్టూడియో రూడీ వాన్ గెల్డర్ అనే ఆయన తల్లిదండ్రుల ఇంటి ముందుగది! ఆయన పగలు కళ్ళద్దాల పరీక్షలు చేసి, మిగిలిన వేళల్లో రికార్డింగులు చేసేవాడు. ఉద్యోగం ఒక చేత, ఇష్టం ఒక చేత పట్టుకుని నడిచే మన సంఘ సభ్యులకు ఆయన మీద సహజంగానే గౌరవం కలుగుతుంది.

బృందంలో ఉన్నది నలుగురే. టెనర్ సాక్సోఫోన్ మీద రోలిన్స్, పియానో మీద టామీ ఫ్లానగన్, బాస్ మీద డగ్ వాట్కిన్స్, డ్రమ్స్ మీద మాక్స్ రోచ్. అప్పటికి రోలిన్స్ వయసు 25 ఏళ్ళు. ఆయనా, రోచ్ కూడా అప్పట్లో ట్రంపెట్ విద్వాంసుడు క్లిఫర్డ్ బ్రౌన్ బృందంలో ఉండేవారు. ఈ రికార్డింగు జరిగిన నాలుగు రోజులకే, జూన్ 26న, బ్రౌన్ కారు ప్రమాదంలో చనిపోయాడు. ఆయన వయసు కూడా 25 ఏళ్ళే. ఆ సంగతి తెలిశాక ఆ రికార్డులోని ఉల్లాసం వింటే గుండె కొంచెం బరువెక్కుతుంది.

మొదటి అంశం పేరు ‘సెయింట్ థామస్’. డ్రమ్స్‌తో మొదలై చిన్నపిల్లల పాటలా గంతులు వేస్తూ సాగుతుంది. సెయింట్ థామస్ అనేది కరీబియన్ సముద్రంలోని వర్జిన్ దీవుల్లో ఒకటి. రోలిన్స్ న్యూయార్కులో పుట్టాడు. ఆయన పెద్దలు మాత్రం ఆ దీవుల నుంచి వలస వచ్చినవారు. చిన్నప్పుడు తల్లి నోట విన్న పాట వరసనే ఆయన ఇక్కడ ఎత్తుకున్నాడు. తల్లి ఊరి పాట కొడుకు ఊరి వాద్యంలో పలికింది. ఈ సంగతి తెలిసినప్పుడు నేను ఫోను పక్కన పెట్టి కాసేపు ఊరుకున్నాను. మనమూ వలస వచ్చినవాళ్ళమే కదా!

చివరి అంశం ‘బ్లూ సెవెన్’ 11 నిమిషాల పైన ఉంటుంది. అందులో రోలిన్స్ ఒక చిన్న స్వరాల ముక్క తీసుకుని, దాన్నే తిప్పి, విరిచి, సాగదీసి, మళ్ళీ మొదటికి తెచ్చి మొత్తం కట్టడం కట్టాడు. గుంథర్ షుల్లర్ అనే సంగీతవేత్త 1958లో ఈ ఒక్క అంశం మీదే పెద్ద వ్యాసం రాశాడు. అది చదివిన వారికి కొత్తగా తోచిందేమో గాని, మన కచేరీలలో నెరవల్ విన్నవారికి వెంటనే అర్థమవుతుంది. ఒకే పాదం పట్టుకుని గాయకుడు పది రకాలుగా దాన్ని విప్పి చూపుతాడే, అదే పని. ముందు పల్లవిలాంటి వరస, తరువాత ఒక్కొక్కరి మనోధర్మం, మధ్యలో డ్రమ్స్ తని ఆవర్తనం, చివర మళ్ళీ పల్లవి. తాళం, సంగతి వేరైనా ఇంటి ప్లాను ఇంచుమించు ఒకటే.

అన్నట్టు, పేరు ప్రతిష్ఠలు బాగా వచ్చాక రోలిన్స్ తన వాదన తనకే చాలదనిపించి 1959లో కచేరీలు మానేశాడు. రెండేళ్ళకు పైగా న్యూయార్కు విలియమ్స్‌బర్గ్ వంతెన మీద నిలబడి ఒంటరిగా సాధన చేశాడు. 1960ల చివర్లో మన దేశానికి వచ్చి బొంబాయి పొవాయ్‌లోని ఆశ్రమంలో కొన్ని నెలలు గడిపి వెళ్ళాడు. దాన్ని తపస్సు అనే అనాలి.

బెంగళూరు నుంచి ‘జ్యోతి’

ఇంతవరకు వచ్చాక, “మన ఊరికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?” అని వెతికాను. ఉంది. అదీ ఆషామాషీ సంబంధం కాదు.

చార్లీ మరియానో అనే ఆల్టో సాక్సోఫోన్ విద్వాంసుడు 1923లో అమెరికాలోని బోస్టన్‌లో పుట్టాడు. ఇటాలియన్ కుటుంబం. 1950లలో స్టాన్ కెంటన్ బృందంలో వాయించాడు. 1963లో చార్లెస్ మింగస్ ప్రసిద్ధ రికార్డు ‘ది బ్లాక్ సెయింట్ అండ్ ద సిన్నర్ లేడీ’లో ఆయన సాక్సోఫోన్ ఏడుస్తుందని చెబితే అతిశయోక్తి కాదు. అంటే హార్డ్ బాప్ తరం మనిషి. ఆయన 1960ల మధ్యలో మలేషియా రేడియో బృందానికి శిక్షణ ఇవ్వడానికి కౌలాలంపూర్ వెళ్ళాడు. అక్కడి దక్షిణాదివారి నాదస్వరం ఆయన చెవిన పడింది. అంతే, ఆ నాదం ఆయన్ని వదలలేదు. తరువాత దక్షిణ భారతానికి వచ్చి నాదస్వరం అభ్యసించాడు. బోస్టన్ కళాశాలలో పాఠాలు చెప్పిన మనిషి, నడివయసులో మళ్ళీ పలక పట్టుకుని కూర్చున్నాడు.

ఇటు బెంగళూరులో మృదంగ విద్వాంసులు టి.ఎ.ఎస్. మణి గారు 1964లో కర్ణాటక కాలేజ్ ఆఫ్ పెర్కషన్ స్థాపించారు. తాళవాద్యాలకంటూ ఒక పాఠశాల ఉండాలన్నది ఆయన పట్టుదల. ఆయన భార్య ఆర్.ఎ. రమామణి గారు గాయని, స్వరకర్త కూడా. ‘ఎంబ్రియో’ అనే జర్మన్ బృందంతో మరియానోకు స్నేహం ఉండేది. ఆ బృందం మన దేశం వచ్చినప్పుడు మణి గారి కాలేజీవారితో కలిసి వాయించింది. అలా అటువారికీ ఇటువారికీ పరిచయం కుదిరింది.

ఆ స్నేహానికి ఫలం 1983లో జర్మనీకి చెందిన ఇ.సి.ఎం. కంపెనీ విడుదల చేసిన ‘జ్యోతి’. మరియానో సాక్సోఫోన్, వేణువు వాయించారు. రమామణి గారు పాడారు. మృదంగం మణి గారిది, ఘటం, మోర్సింగ్ ఆర్.ఎ. రాజగోపాల్ గారివి, కంజీర టి.ఎన్. శశికుమార్ గారిది. పియానో లేదు, గిటారు లేదు, డ్రమ్స్ లేవు. ‘వందనం’, ‘వర్షిణి’, ‘సప్తర్షి’, ‘కార్తీక్’, ‘భజన్’ అని అంశాల పేర్లు. ఒక అమెరికా విద్వాంసుడు మన ఊరి బృందం మధ్యకు వచ్చి, చెప్పులు బయట విడిచి కూర్చున్నట్టు ఉంటుంది ఆ రికార్డు. తన ప్రతాపం చూపడానికి ఎక్కడా తొందరపడడు. రమామణి గారి గొంతు వెంటే వెళ్తూ, ఆవిడ ఆగిన చోట తాను ఆగుతాడు.

వీరి కలయిక ఆ ఒక్క రికార్డుతో ఆగలేదు. ఆ తరువాత ఏళ్ళలోనూ కలిసి కచేరీలు చేశారు. మరియానో 2009లో జర్మనీలోని కొలోన్‌లో కన్నుమూశారు. మణి గారు 2020లో వెళ్ళిపోయారు. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ, మసాలా దోసె బాగుండే హోటళ్ళన్నీ చెప్పగల నేను, ‘జ్యోతి’ పేరు మొన్నటివరకు వినలేదు. సిగ్గుగానే ఒప్పుకుంటున్నాను.

మంగళూరు గోపాలనాథ్ గారు

సాక్సోఫోన్ మీద ఇంకొకరు ప్రయోగం చేస్తే అది ప్రయోగం. దాన్ని కర్ణాటక సంగీత వేదిక మీద ప్రధాన వాద్యంగా కూర్చోబెట్టడం వేరే సంగతి. ఆ పని చేసినవారు కద్రి గోపాలనాథ్ గారు. దక్షిణ కన్నడ జిల్లా బంట్వాళ ప్రాంతంలో 1949లో పుట్టారు. తండ్రి తనియప్ప గారు నాదస్వర విద్వాంసులు. చిన్నతనంలో మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సోఫోన్ విని మనసు పారేసుకున్నారు. మంగళూరులో ఎన్. గోపాలకృష్ణ అయ్యర్ గారి దగ్గర, తరువాత మద్రాసులో టి.వి. గోపాలకృష్ణన్ గారి దగ్గర నేర్చుకున్నారు.

కష్టం ఎక్కడంటే, సాక్సోఫోన్ మీటలు మెట్లలాంటివి. ఒక స్వరం నుంచి మరొక స్వరానికి దూకుతాయి. మన సంగీతానికి ప్రాణం గమకం. అది మెట్ల మీద దూకదు, జారుబల్ల మీద జారుతుంది. నాదస్వరంలో వేలితో రంధ్రాన్ని సగం మూసి, ఊపిరి నియంత్రించి జారుస్తారు. మీట మధ్యలో ఉన్నప్పుడు వేలు ఏం చేయగలదు? గోపాలనాథ్ గారు వాద్యంలో మార్పులు చేయించుకుని, పెదవితో, ఊపిరితో, ఏళ్ళ తరబడి సాధనతో ఆ ఇత్తడిని వంచారు. మొదట్లో పెదవి విరిచిన సంప్రదాయవాదులు తరువాత చప్పట్లు కొట్టారు.

1980లో బొంబాయి జాజ్ ఉత్సవంలో జాన్ హాండీ అనే అమెరికా సాక్సోఫోన్ విద్వాంసుడు ఈయన వాదన విని కలిసి వాయించాడు. హాండీ కూడా మింగస్ బృందంలో పనిచేసినవాడే. 1994లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో బి.బి.సి. ప్రామినేడ్ కచేరీలో గోపాలనాథ్ గారు వాయించారు. అదే ఏడు వచ్చిన ‘డ్యూయెట్’ తమిళ చిత్రంలో ఎ.ఆర్. రెహమాన్ సంగీతంలో వినిపించే సాక్సోఫోన్ ఆయనదే. 2004లో పద్మశ్రీ వచ్చింది. 2019 అక్టోబరు 11న మంగళూరులో కన్నుమూశారు.

చామరాజపేట కోట హైస్కూలు మైదానంలో శ్రీరామసేవా మండలివారి రామనవమి సంగీతోత్సవానికి వెళ్ళే అలవాటున్న మన సభ్యులు కొందరు ఆయన్ని అక్కడ విన్నారు. పందిట్లో కూర్చున్నవారికి త్యాగయ్య కృతిలోని తెలుగు మాటలు సాక్సోఫోన్‌లో ‘వినబడేవి’ అని ఒక పెద్దాయన చెప్పారు. ఆయన అతిశయోక్తులు చెప్పే మనిషి కాదు.

‘బంధువులు’

ఇప్పుడు మరో ఇంటి కథ. రుద్రేశ్ మహంతప్ప తల్లిదండ్రులు కర్ణాటకవారు. తండ్రి భౌతికశాస్త్ర ఆచార్యులు. రుద్రేశ్ 1971లో ఇటలీలోని ట్రియెస్టెలో పుట్టి, అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో పెరిగాడు. చిన్నప్పుడే ఆల్టో సాక్సోఫోన్ పట్టి, చార్లీ పార్కర్ భక్తుడయ్యాడు. వచ్చిన చిక్కేమిటంటే, ఆ పేరూ ఆ రంగూ చూసి అందరూ, “నీకు భారతీయ సంగీతం బాగా వచ్చుంటుందే!” అనేవారట. అతనికి రాదు. ఇంట్లో అందరికీ తెలిసినది తనకొక్కడికే తెలియనట్టు అనిపించేదని ఆ పిల్లల మాటల్లో మనం ఎన్నిసార్లు వినలేదు!

బోస్టన్‌లో బర్కిలీ సంగీత కళాశాలలో చదువుతున్నప్పుడు అన్నగారు వేళాకోళంగా ఒక సి.డి. కొనిచ్చాడు. పేరు ‘సాక్సోఫోన్ ఇండియన్ స్టైల్’. వాయించినది కద్రి గోపాలనాథ్. వేళాకోళం కాస్తా గురూపదేశమైంది. తన చేతిలోని వాద్యమే తన పెద్దల సంగీతం పలకగలదని అతనికి ఆ రోజు తెలిసింది.

ఏళ్ళు గడిచాక ఇద్దరూ కలిసి చేసిన రికార్డు ‘కిన్స్‌మెన్’. బంధువులు, జ్ఞాతులు అని అర్థం. 2008లో న్యూయార్కుకు చెందిన పై రికార్డింగ్స్ విడుదల చేసింది. అందులో రెండు ఆల్టో సాక్సోఫోన్లు పక్కపక్కన నడుస్తాయి. ఒకటి జాజ్ గొంతు, గరుకుగా, నిలదీసినట్టు ఉంటుంది. మరొకటి నాదస్వరపు గొంతు, జారుతూ, ఊగుతూ ఉంటుంది. కరాచీలో పుట్టిన రెజ్ అబ్బాసీ గిటారు, పూవలూర్ శ్రీజీ మృదంగం, కార్లో డి రోసా బాస్, రాయల్ హార్టిగన్ డ్రమ్స్. అంశాల పేర్లలో ‘గణేశ’, ‘కల్యాణి’ ఉన్నాయి. మధ్య మధ్య ఒక్కొక్కరి ఆలాపనలు వస్తాయి.

ఆ ఆలాపనల్లో ఒకటి వయొలిన్‌ది. వాయించినవారు అవసరాల కన్యాకుమారి గారు, మన విజయనగరం ఆడపడుచు! ఇవటూరి విజయేశ్వరరావు గారి దగ్గర మొదలుపెట్టి, మద్రాసులో ఎం. చంద్రశేఖరన్ గారి దగ్గర, ఎం.ఎల్. వసంతకుమారి గారి దగ్గర నేర్చుకున్నారు. గోపాలనాథ్ గారి కచేరీలలో ఏళ్ళ తరబడి పక్కన కూర్చుని వాయించినవారు ఆవిడే. ఇత్తడి గొట్టంలోంచి వచ్చే రాగాన్ని తీగ మీద పట్టి తిరిగి అప్పగించడం ఆవిడకు కొట్టిన పిండి. 2015లో పద్మశ్రీ, 2016లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. అమెరికా జాజ్ రికార్డులో విజయనగరం కమాను పలికిందన్న మాట మన పిల్లలకు ఎవరైనా చెప్పారా?

కుర్రవాడి ప్రశ్నకు జవాబు

ఇక వయొలిన్ మనదేనా అన్న ప్రశ్న. ముత్తుస్వామి దీక్షితుల వారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786-1859) మద్రాసులో ఒక ఐరోపా విద్వాంసుడి దగ్గర ఆ వాద్యం నేర్చుకుని మన సంగీతానికి అలవాటు చేశారు. అంతకుముందు అది దొరల వాద్యమే. ఈనాడు వయొలిన్ లేని కచేరీ ఉందా? ఆ వాద్యానికి తెలుగునాట పెద్దపీట వేసినవారు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. 1919లో విజయనగరం మహారాజా వారి సంగీత కళాశాలలో ఆచార్యులై, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. 1941లో సంగీత కళానిధి. ఆయన 1893లో పుట్టింది ఎక్కడో తెలుసా? మన బెంగళూరులో! ఊరికి దూరంగా పుట్టిన తెలుగు బిడ్డే పరదేశపు వాద్యాన్ని ఊరికి తీసుకువెళ్ళి దానికి తెలుగు నేర్పాడు.

మాండొలిన్ సంగతి మరీ దగ్గరిది. పాలకొల్లులో 1969లో పుట్టిన శ్రీనివాస్, ‘జ్యోతి’ వచ్చిన 1983లోనే, 14 ఏళ్ళ వయసులో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. అప్పుడు ఎవరైనా కార్యవర్గ సభ్యుడు “అది మన వాద్యం కాదు బాబూ” అని ఆపేసి ఉంటే? 2014లో ఆయన పోయినప్పుడు మనమంతా ఇంటి మనిషి పోయినట్టు బాధపడ్డాం కదా.

అయితే ఒక మాట దాచకూడదు. నా అభ్యంతరంలో ఒక పిసరు న్యాయం కూడా ఉంది. దక్షిణ కన్నడంలో గోపాలనాథ్ గారి తరువాత గుళ్ళలో, పెళ్ళిళ్ళలో సాక్సోఫోన్ మేళాలు బాగా పెరిగాయి. సాక్సోఫోన్ వచ్చిన చోట సన్నాయివారి పొట్ట కొట్టకూడదు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, దేశమంతటా నాదస్వరం మోగించిన షేక్ చినమౌలానా గారి విద్య మనకు ఎంత అవసరమో వేరే చెప్పాలా? మా బ్యాంకు లెక్కల్లో ప్రతి డెబిట్‌కూ ఒక క్రెడిట్ ఉండాలి. మరియానో మన నాదస్వరం నుంచి అప్పు తీసుకున్నాడు. గోపాలనాథ్ గారు అమెరికా వాద్యం నుంచి అప్పు తీసుకున్నారు. ఇద్దరూ వడ్డీతో సహా తీర్చారు. అప్పు తీసుకుని మూలధనాన్ని మరిచిపోతేనే నష్టం.

ఆ 15 నిమిషాలు

క్రిందటి ఆదివారం ఆ కుర్రవాడి ఇంటికి వెళ్ళాను. “ఉగాదికి ఏం వాయిద్దామనుకున్నావు?” అని అడిగాను. సినిమా పాట అంటాడనుకున్నాను. పెట్టె తెరిచి సాక్సోఫోన్ బయటికి తీశాడు. బడిలో బ్యాండు మాస్టారు నేర్పారట.

వాడు వాయించింది జోల పాట వరస. వాళ్ళ అమ్మమ్మ కావలి దగ్గర పల్లెలో పుట్టిన మనిషి. బెంగళూరు వచ్చి మనవణ్ణి పెంచింది. నిరుడు పోయింది. వాడికి తెలుగు చదవడం రాదు. మాట్లాడేది సగం కన్నడం, సగం ఇంగ్లీషు, మధ్యలో అమ్మమ్మ తెలుగు. “మాటలు గుర్తు లేవు అంకుల్, వరస మాత్రం ఉంది” అన్నాడు. ముందు వరస మామూలుగా వాయించి, ఆ తరువాత దాన్నే అటూ ఇటూ తిప్పి, చివరికి మళ్ళీ మొదటికి తెచ్చాడు. రెండుచోట్ల తప్పు పోయింది. ఒకచోట ఊపిరి అందలేదు. వంటింటి గుమ్మంలో వాళ్ళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. వాయించడం అయ్యాక, మరిచిపోయిన మాటలు నాలుగు ఆవిడే చెప్పింది. వాడు ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో రాసుకున్నాడు.

సోనీ రోలిన్స్ పేరు ఆ పిల్లవాడు అప్పటికి వినలేదు. అయినా తల్లి పాటను పరాయి ఊళ్ళో ఇత్తడిలో ఊదిన ఆ మనిషి చేసిన పనే వీడూ చేశాడు.

కాబట్టి కార్యవర్గానికి నా మనవి ఇది. వాయిదా వేసిన అంశాన్ని మళ్ళీ తీసుకోండి. నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, మినిట్స్ పుస్తకంలో అలాగే రాయండి. ఉగాది ఉదయం పంచాంగ శ్రవణానికి ముందు సన్నాయి మేళం పెడదాం. వారికి సంభావన బేరమాడకుండా ఇద్దాం, దానికి నా వంతు చందా నేను వేస్తాను. సాయంత్రం ఆ కుర్రవాడికి అడిగిన 15 నిమిషాలు ఇద్దాం. వాడు వాయించేముందు వాళ్ళమ్మ వేదిక మీదికి వచ్చి ఆ జోల పాట మాటలు ఒకసారి పాడితే మరీ మంచిది. హాలులో కూర్చున్న పెద్దవాళ్ళలో ఎవరికో ఒకరికి తరువాతి చరణం గుర్తు రాకపోదు.